కట్టెయ్ అన్న మాట

నాంచారయ్య ఆజ్ఞ ఉల్లంఘించాడని రాశారు. అది అబద్ధం. ఆ రోజు ఆ గట్టు మీద ఆజ్ఞ విన్న మరుక్షణం పాటించినవాడు అతనొక్కడే. పాటించాడు కాబట్టే చెయ్యి విరిగింది.

ముందు ఈ ముక్క చెప్పి తర్వాత మిగతాది చెబుతాను. మిగతాది ముందు చెబితే మీరంతా ఉప్పెన గురించి అడుగుతారు, శవాల గురించి అడుగుతారు. నాంచారయ్య గురించి అడగరు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను.

డెబ్బై ఏడు, ఉప్పెన వచ్చిన ఏడు. డిసెంబరులో మా సెక్షన్ విజయవాడ స్టేషన్‌లో దిగింది. ఇంజనీర్ల దళం మాది. పదకొండుమందిమి. రెండు డీజిల్ పంపులు, ఒక వైర్‌లెస్ జత, ఒక లారీ నిండా గొట్టాలు. మా ఇల్లు పటమటలో. లారీ బందరు రోడ్డు మీదుగా పోతుంటే మా వీధి మలుపు కనిపించింది. దిగడానికి హుకుం లేదు. వెనక తలుపు పట్టుకుని నిలబడి చూశాను, అంతే.

ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి. చల్లపల్లి దాటాక చెట్లన్నీ ఒకే వైపుకి పడి ఉన్నాయి. అవనిగడ్డ దాటాక తాటిచెట్లు తప్ప నిలబడ్డ చెట్టు లేదు. అక్కడి నుంచి సముద్రం వైపు మాకిచ్చిన ఊరు. ఊరి పేరు రాయను. రాస్తే ఇప్పుడున్న వాళ్ళెవరికో తగులుతుంది.

నేలంతా తెల్లటి పెచ్చు కట్టి ఉంది. బూటు కింద కరకరలాడేది. పొద్దున్నే ఉత్తరపు గాలి, మధ్యాహ్నం ఎండ. వాసన సంగతి చెప్పను. ఊరికి తాగునీటి చెరువు ఒక్కటే. దాని నిండా సముద్రం నీళ్ళు.

మా సుబేదారు సాబ్ కొండ ప్రాంతం మనిషి. తెలుగు రాదు. హుకుం హిందీలో ఇచ్చాడు, నేను ఊరివాళ్ళకి తెలుగులో చెప్పాను. చెరువులో ఉప్పునీళ్ళు తోడాలి. గట్టు దాటించి మురుగు కాలవలో పొయ్యాలి. అడుగు కనిపించాక బురద తియ్యాలి. పంట కాలవలో నీళ్ళున్నంతలోనే చెరువు మంచినీళ్ళతో నింపాలి. కాలవ కట్టేశారంటే ఆ ఎండాకాలం ఊరంతా ట్యాంకరు వెనకాల బిందెలతో పరుగెత్తాల్సిందే.

నా డ్యూటీ గొట్టాలు, వాటిని కలిపే కప్లింగులు. అందుకే మావాళ్ళు నన్ను గొట్టం హవల్దారు అనేవాళ్ళు. తెలుగులో గొట్టంగాడంటే ఏమిటో మీకు తెలుసు. ఊళ్ళో వాళ్ళకీ తెలుసు. నవ్వుకున్నారు. నవ్వనీ.

నా చదువు ఐదో క్లాసుతో ఆగింది. మిగతాది గొట్టాల ఒంటి మీద అచ్చు వేసిన అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. గొట్టం ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. చదివేవాడు ఉండడు. గొట్టమే కదా, నీళ్ళు పోతే చాలు కదా అంటారు మీరు. చాలదు. పంపు పీల్చే వైపు గొట్టం వేరు, తోసే వైపు గొట్టం వేరు. పీల్చేది లోపలికి నలిగిపోకూడదు, అందుకని దాని గోడలో తీగ చుట్ట ఉంటుంది. తోసేది బయటికి పగలకూడదు, అందుకని దానికి గుడ్డ పొరలుంటాయి. ఒకదాని చోట ఒకటి పెడితే వెంటనే ఏమీ కాదు. అదే ప్రమాదం.

సముద్రం నీళ్ళు కప్లింగుల్ని తినేస్తాయి. రెండు సగాల్నీ పట్టుకునే చెవులు పొక్కులు లేస్తాయి. మధ్యలో ఉండే రబ్బరు వాషరు కింద ఉప్పు గడ్డకడుతుంది. అందుకని పంపు ఆపినప్పుడల్లా వాటిని విప్పి మంచినీళ్ళతో కడగాలి. మొదటి రోజు ఒక మగ్గుతో అదే పని చేస్తున్నాను. ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ మరియమ్మ వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఆ ఊళ్ళో పొలం పనికి పోయే మనిషి. నోరు గట్టిది.

"ఏవండీ హవల్దారు గారూ, ఇనప ముక్కలకి స్నానం చేయిస్తన్నారా? మా పిల్లలకి నోరు తడుపుకోడానికి చుక్క లేదిక్కడ."

"ఉప్పు తినేస్తుందమ్మా వీటిని. ఇది ఊడిందంటే మీ చెరువు పని ఆగిపోద్ది."

"మమ్మల్ని తినట్లేదేంటండీ ఉప్పు?"

ఆమే వంగి మగ్గులోకి చూసింది.

"బియ్యం కడిగిన నీళ్ళు పనికొస్తాయా?"

"వస్తాయి. గోనెతో తుడిచేసుకుంటే చాలు."

"అయితే పట్టుకెళ్ళండి. కుడితి తాగడానికి ఎవరింట్లోనూ గొడ్డు మిగల్లేదుగా."

ఆ రోజు నుంచి ఇంటింటి కడుగునీళ్ళు ఒక కాగులో చేరేవి. కప్లింగుల్ని వాటితో కడిగి, గోనెతో తుడిచి, గ్రీజు రాసేవాళ్ళం. మేమున్నన్నాళ్ళూ ఒక్క చెవి విరగలేదు. సైన్యం పుస్తకాల్లో ఈ పద్ధతి లేదు.

గొట్టాలు మొయ్యడానికి ఊళ్ళోంచి మనుషుల్ని తీసుకున్నాం. వాళ్ళలో నాంచారయ్య ఒకడు. చేపల వేట మనిషి. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఉప్పెనలో పడవ పోయింది, వలలు పోయాయి. ఇంటి మనుషులు మిగిలారు, అందుకు తనంత అదృష్టవంతుడు లేడనేవాడు. మొలలో ఎప్పుడూ ఒక సైకిల్ ట్యూబు పేలిక దోపుకుని ఉండేవాడు. డెల్టాలో మీరూ చూసే ఉంటారు. పొలంలో ఆయిల్ ఇంజను ఎక్కడ ఉంటే అక్కడ, కారే ప్రతి జాయింటుకీ సైకిల్ ట్యూబు చుట్టి ఉంటుంది.

"ఇది తియ్యి నాంచారయ్యా," అన్నాను.

"ఉండనీండి బాబూ, తినదు కదా."

"నడుస్తున్న గొట్టాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కారితే కారనియ్యి. ముందు ఇంజను ఆపాలి. లోపలి ఒత్తిడి దిగాలి. అప్పుడు చెయ్యి పెట్టాలి."

"ఎవరన్నా కట్టమంటే?"

"ఇక్కడ ఎవరూ కట్టమనరు. హుకుం లేకుండా ముట్టుకోకు, అంతే."

"అలాగేనండి. హుకుం లేకుండా ముట్టుకోను."

మాట మీద నిలబడ్డాడు. కప్లింగు విప్పడం, వాషరు చూడటం, గొట్టాన్ని మెలిక పడకుండా పరచడం వారంలో నేర్చాడు. కప్లింగు పక్కనే గొట్టం వంచకూడదని చెబితే, తెడ్డు మెడ దగ్గరే విరుగుతుంది కదండీ, అదేగా అన్నాడు. అదే. సుబేదారు సాబ్ అతన్ని గమనించాడు. మేము వెళ్ళేటప్పుడు ఒక పంపు ఊరికి వదిలిపెడతాం, దాని డ్రైవరు నాంచారయ్య అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. నాంచారయ్య పంపు దగ్గరికెళ్ళి దాని మూత మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పడవ పోయినవాడికి ఇంజను చేతికొస్తోంది. ఆ పని వాడికి ఏమిటో మీకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇక పంపు నాయక్, హోదాలో నాకు ఒక మెట్టు కింద. పంపులు రెండూ అతని కింద ఉండేవి. కరీంనగర్ వైపు కుర్రాడు, మంచి పనివాడు. ఇంజను ఆపాలంటే "బంద్ జెయ్" అని అరిచేవాడు. ఇంజను దగ్గర లీవరు పట్టుకునే రైతులు పగలబడి నవ్వేవాళ్ళు.

"బందేంటండీ నాయక్ గారూ? షాపులు మూసెయ్యాలా?"

"మరేమనాలె?"

"కట్టెయ్ అనాలండీ. ఇంజను కట్టెయ్. మోటారు కట్టెయ్. మా ఊళ్ళో అంతే."

మర్యాదస్తుడు. వాళ్ళ ఊరికొచ్చి వాళ్ళ మాట మాట్లాడాలనుకున్నాడు. రెండు రోజుల్లో "కట్టెయ్" అలవాటు చేసుకున్నాడు. రైతులు మెచ్చుకున్నారు. అక్కడ ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. కట్టెయ్ అంటే ఆపెయ్ అనేది రైతు మాట, ఇంజను మాట. వేటకెళ్ళేవాడికి కట్టెయ్ అంటే ఒకటే అర్థం. పడవని కట్టెయ్. తాడు కట్టెయ్. ముడి వెయ్.

చెరువు సగం దిగాక తోసే వైపు గొట్టం ఒకటి తాటి మొద్దు మీద రాసుకుని గుడ్డ పొర దాకా అరిగింది. పక్కన పడేశాను. అరిగిన గొట్టానికి అతుకు వెయ్యను, అది నా నియమం. బదులు గొట్టం కావాలని విజయవాడలో సహాయ శిబిరం ఆఫీసుకి కబురు పెట్టాం. వాళ్ళు వన్ టౌన్‌లో ఏదో గోడౌను నుంచి ఒకటి పంపారు. ఎర్రగా, మెత్తగా, చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఒంటి మీద ఒక్క అక్షరం లేదు. తోటలకి నీళ్ళు పట్టే రకం. లోపలి కొలత, గొట్టంలోకి దూరే మా కప్లింగు తోక కంటే ఒక నూలు ఎక్కువ, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు వదులు. వైర్‌లెస్‌లో ఆ ఆఫీసుని పిలిచాను.

"ఈ గొట్టం తోసే వైపుకి పనికిరాదు. ఓవర్."

"నీళ్ళు పోతాయా, పోవా? ఓవర్."

"పోతాయి. ఎంతసేపు పోతాయో చెప్పలేను. ఓవర్."

"పోతాయిగా. నడిపించండి. అవుట్."

ఇప్పటికీ ఆ "పోతాయిగా" చెవిలో ఉంది. నాకు కోపం రాని రోజు ఉండదు.

నడపమని పైనుంచి వచ్చింది కాబట్టి సుబేదారు సాబ్ నడపమన్నాడు. ఇంజను వేగం సగానికి తగ్గించమన్నాడు. జాయింటు మీద రెండు క్లిప్పులు వేశాం, మరలు ఎదురెదురుగా. దాని మీదుగా ఒక గొట్టం నుంచి రెండో గొట్టానికి కాపు తాడు కట్టి, తాడు కొసని మేకుకి బిగించాం. కప్లింగు ఊడితే గొట్టం పాములా లేచి కొడుతుంది. ఆ తాడు దాన్ని పట్టుకుంటుంది. తాడు కట్టింది నాంచారయ్యే. పడవ ముడి. నేను పీకి చూశాను, కదల్లేదు.

మర్నాడు పొద్దున ఎండ పడ్డాక మొదలుపెట్టాం. నేను మురుగు కాలవ దగ్గర, నీళ్ళు పడే చోట ఉన్నాను. పంపు నాయక్ ఇంకో వైర్‌లెస్ పట్టుకుని గట్టు మీద గొట్టం వెంట నడుస్తున్నాడు. ఇంజను అతనికి వెనకాల. ఎర్ర గొట్టం జాయింటు దగ్గర నాంచారయ్య కాపలా. జాయింటు మొదలుపెట్టిన దగ్గర్నుంచీ కారుతోంది. నాంచారయ్య ట్యూబు పేలిక చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నాడు. ముట్టుకోలేదు. హుకుం లేదు కాబట్టి. ఈ ముక్క తర్వాత రాసిన విచారణ కాగితంలో ఎక్కడా లేదు.

"గొట్టం, గొట్టం, ఇది గట్టు. ఎర్రది ఉబ్బుతున్నది. ఓవర్."

"ఇంజను ఆపించు. ఓవర్."

అతను సెట్టు మీట వదల్లేదు. పట్టుకునే ఇంజను వైపు తిరిగి అరిచాడు. అందుకే ఆ మాట నా చెవిలోనూ పడింది.

"కట్టెయ్! కట్టెయ్!"

ఇంజను దగ్గరున్న రైతుకి ఆ చప్పుడులో వినపడలేదు. మధ్యలో ఉన్న నాంచారయ్యకి వినపడింది. హుకుం వచ్చింది. వంగాడు, చుట్టాడు. కప్లింగు ఊడింది.

కుడి చెయ్యి ముంజేతి దగ్గర రెండు చోట్ల విరిగింది. గొట్టం అతని తల మీదికి లేచింది. కాపు తాడు పట్టి ఆపింది. ముడి జారలేదు. అతన్ని బతికించింది అతని ముడే.

మేము పరుగెత్తుకెళ్ళేసరికి పడి ఉన్నాడు. స్పృహ ఉంది. నన్ను చూసి మొదట అన్న మాట:

"ఒక చుట్టు వేశానండీ. రెండోది పడలేదు."

క్షమాపణ చెప్పుకుంటున్నాడు నాకు.

విచారణ క్యాంపు డేరాలోనే జరిగింది. ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. పంపు నాయక్ హిందీలో నిజమే చెప్పాడు: ఆపమన్నాను. ఆయన అదే రాసుకున్నాడు. నేను వెళ్ళి అన్నది 'ఆపు' కాదు, 'కట్టెయ్' అని చెప్పాను.

"కట్టెయ్ అంటే ఆపమనేగా?"

"రైతుకి అంతేనండీ. పడవ మీద బతికేవాడికి కాదు."

"మీరప్పుడు అక్కడ లేరు కదా?"

"వైర్‌లెస్‌లో విన్నాను."

"అది సాక్ష్యం కాదు." కాగితం మడిచేశాడు. ఎర్ర గొట్టం సంగతి అడగనే లేదు. అది ఎవరు పంపారో అడిగితే ఆయన ఆఫీసు దాకా వెళ్తుంది కదా. 'ఆపమని ఆజ్ఞ ఇచ్చినను ఉల్లంఘించి నడుచుచున్న గొట్టమును ముట్టుకొనెను' అని రాశాడు. ఆజ్ఞ ఉల్లంఘించినవాడు యంత్రం దగ్గర పనికి తగడు. దాంతో డ్రైవరు పని పోయింది.

ఆ సాయంత్రం పంపు నాయక్ నా దగ్గరికొచ్చాడు. అన్నం ముట్టలేదు.

"నా మాట నేను మాట్లాడినా అయిపోతుండె గద హవల్దార్ సాబ్. బంద్ అంటే ఎవలకైనా సమజయితుండె."

నిజమే. సుబేదారు సాబ్ మర్నాడే హుకుం వేశాడు. క్యాంపులో 'కట్టు' అన్న మాట వినపడకూడదు. ఆపాలంటే బంద్, దాంతోపాటు ఈల. తాడు పని అయితే ముడి. నవ్విన రైతులే వరసలో నిలబడి బంద్, బంద్ అని సాధన చేశారు. మరియమ్మ పొయ్యి మీది అన్నం కుండ దించమనడానికి కూడా కూతురితో "బంద్ చెయ్యవే" అనేది.

సరైన గొట్టం వచ్చింది. ఈసారి ఒంటి మీద అక్షరాలున్నాయి. నేను చదివాను, కొలిచాను, వాషరు వేశాను, వేగం పెంచమన్నాను. చెరువు అడుగు కనిపించింది. ఊరంతా దిగి బురద ఎత్తింది. కాలవ నీళ్ళు తూములోంచి వచ్చిన రోజు మరియమ్మ ముందు దోసిలి పట్టింది. నోట్లో పోసుకుని, పుక్కిలించి, మింగింది.

"చప్పగా ఉన్నాయండీ!" అని అరిచింది. ఆ ఊళ్ళో అంత గొప్ప మాట నేను ఇంకోటి వినలేదు.

మేము బయల్దేరాం. పంపు ఊరికి వదిలాం, టార్పాలిన్ కప్పి. తిప్పేవాడు లేడు. నాంచారయ్య కట్టుతో ఉన్న చెయ్యి మెడకి వేలాడేసుకుని లారీ దాకా వచ్చాడు.

"కడగడానికి మటుకు నన్ను రానిస్తారాండీ?" అన్నాడు. పంపుని కడగడానికి.

మరుసటి ఏడాది నా సర్వీసు అయిపోయింది. పటమట చేరాను. పిల్లలు యుద్ధం కథ చెప్పమనేవాళ్ళు. గొట్టం కథ చెబితే లేచిపోయేవాళ్ళు. విచారణ చేసిన ఆఫీసుకి అర్జీలు రాశాను. 'విచారణ ముగిసినది' అని జవాబు. మళ్ళీ రాశాను. మళ్ళీ అదే. ఇంట్లో వాళ్ళు వదిలెయ్యమన్నారు. ఎందుకు వదలాలి? కళ్ళు మూసుకుంటే ఒకటే కనిపిస్తుంది. తడి గట్టు, పడి ఉన్న మనిషి, విరిగిన చెయ్యి ఒక పక్క. ఎడమ చేతి గుప్పిట్లో ఇంకా బిగించి పట్టుకున్న ట్యూబు పేలిక. ఒక చుట్టు పడింది, రెండోది పడలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నా అదే.

ఆఫీసుకి కొత్త ఇంజనీరు గారు వచ్చారని విని నేనే స్వయంగా వెళ్ళాను. ఎండాకాలం. గదిలో ఆయన, టేబులు పక్కన ఫైలు విప్పుకుని గుమాస్తా, స్విచ్‌బోర్డు కింద స్టూలు మీద అటెండరు. ఆయన ఓపిగ్గా అంతా విన్నారు.

"మీ బాధ అర్థమైందండీ. కానీ కట్టెయ్ అంటే ఆపమని పసిపిల్లాడికి కూడా తెలుస్తుంది కదా?"

నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు గట్టు మీద పంపు నాయక్ అరిచినట్టే అరిచాను.

"కట్టేయండి!"

గుమాస్తా ఉలిక్కిపడి ఫైలు మూసి టేపు ముడి వేశాడు. అటెండరు లేచి ఫ్యాను ఆపాడు.

ఇంజనీరు గారు ముడి వంక చూశారు. ఆగుతున్న ఫ్యాను వంక చూశారు. జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నారు.

"వీళ్ళలో ఆజ్ఞ ఉల్లంఘించింది ఎవరండీ?" అన్నాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. తర్వాత గుమాస్తాతో, "ఆ ముడి విప్పవయ్యా," అన్నారు. అటెండరుతో, "నువ్వు ఫ్యాను వెయ్యి బాబూ, చస్తున్నాం," అన్నారు. తర్వాత ఎర్ర గొట్టం కొలత ఎంతో నన్ను అడిగారు. రెండేళ్ళలో అది అడిగిన మొదటి మనిషి ఆయన.

జవాబు వచ్చాక బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాను. నాంచారయ్య చెరువు గట్టు మీదే దొరికాడు. చెయ్యి కాస్త వంకర, పట్టు గట్టిదే. పంపు టార్పాలిన్ తీసి తుడుస్తున్నాడు, ఎవరూ చెప్పకుండానే. కప్లింగులన్నీ గ్రీజుతో మెరుస్తున్నాయి. జవాబు చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నాడు. మరియమ్మని పిలిచి ఆమె ముందు మూడోసారి చదివించాడు. నాలుగోసారి మీకు చదువుతున్నాను.

"సదరు ప్రమాదము తగని గొట్టము సరఫరా అయిన కారణమున జరిగినట్లు తేలినది. పంపు డ్రైవరుగా శ్రీ నాంచారయ్యను నియమించుటకు ఈ ఆఫీసునకు అభ్యంతరము లేదు. విచారణ నివేదికలో 'ఆజ్ఞను ఉల్లంఘించి' అను మాటలకు బదులు 'ఆజ్ఞను పాటించి' అని చదువుకొనవలెను."